నలభై రెండు తరాల సాలోమోను మామ

“అన్నీ బాగానే చెప్పారు గానీ సాలోమోను గారూ, మీ తాతగారి నాన్న పేరేంటండీ?”

కొత్తపేటలో జిరాక్సు సెంటరు నడిపే త్రినాథరావు గారు ఈ మాట అడిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చైతన్యపురిలో ఒక కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన. వెనక బిర్యానీ బగోనాలు మూత మీద నిప్పులతో సహా చల్లారుతున్నాయి. మా మామ ముప్పై ఏడో తరం దగ్గర ఉన్నాడు. త్రినాథరావు గారికి షుగరు. ఆయన అడిగింది ఆకలితోనే గానీ దురుద్దేశంతో కాదని ఇప్పటికీ నేను సాక్ష్యం చెప్పగలను.

సాలోమోను మామ మా అమ్మకు అన్న. ఆయనకున్నది ఒకటే జబ్బు. నలుగురు మనుషులూ ఒక మైకూ కనిపిస్తే మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ఉన్న నలభై రెండు తరాలూ అప్పజెప్పాలి. మైకు లేకపోయినా ఇబ్బంది లేదు, నలుగురూ లేకపోతేనే కొంచెం ఇబ్బంది. ఆ పేజీని లోకంలో క్రైస్తవులందరూ బొటనవేలితో తిప్పేసి క్రిస్మసు దగ్గర ఆగుతారు. మామ ఆ పేజీలోనే కాపురం పెట్టాడు. అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను అని మొదలుపెడితే యోసేపు దాకా ఊపిరి తీసుకోడు. తీరా శిశువు పుట్టేసరికి కూర్చుని మంచినీళ్లు తాగుతాడు. ఆ తర్వాత సంగతులు పాస్టరు గారి డ్యూటీ.

ముప్పై మూడేళ్లు ఆర్టీసీలో కండక్టరు. ఆ అలవాటు పోలేదు. అబ్రాహాము నుంచి దావీదు ఒక స్టేజీ, దావీదు నుంచి బబులోను చెర ఇంకో స్టేజీ, చెర నుంచి క్రీస్తు ఆఖరి స్టేజీ, ఒక్కో స్టేజీకి పద్నాలుగు స్టాపులు. ఒకసారి ఆనంద్ కుమార్ పాస్టరు గారికి రైలు టైమవుతోంది, దావీదు దగ్గర నుంచి మొదలుపెట్టమని బతిమాలారు. ఎల్బీనగర్లో ఎక్కినోళ్లను దిల్‌సుఖ్‌నగర్ నుంచి లెక్కపెడితే చెకింగోళ్లు ఊకుంటరా అని మామ ఎదురు ప్రశ్న వేశాడు. పాస్టరు గారు మర్నాటి రైలుకు వెళ్లారు.

ఒక పుట్టినరోజుకు ఉజ్జియా దగ్గరికొచ్చేసరికి కొవ్వొత్తి కరిగి కేకు మీద పడింది. యోషీయా దగ్గర పుట్టినరోజు పిల్ల నిద్రపోయింది. కర్మన్‌ఘాట్‌లో ఒక డాక్టరు కొత్తగా క్లినిక్ పెట్టి, పాపం, మీ వంశంలో షుగరు ఎవరికైనా ఉందా అని మామనడిగాడు. మామ అబ్రాహాముతో మొదలుపెట్టాడు. బయట పదకొండు మంది పేషెంట్లు. ఆ డాక్టరు ఇప్పుడు ఆ ప్రశ్న ఎవర్నీ అడగడు, నేరుగా రక్తపరీక్షకు రాసేస్తాడు.

ఎలిజబెత్ అత్తను అడిగితే వాళ్ల పెళ్లిచూపుల సంగతి చెబుతుంది. “నన్ను చూడనే లేదు. కుర్చీల కూసున్నడు, షురూ చేసిండు. చాయ్ చల్లారింది. యోతాము కాడికి రాంగనే మా నాయన పిల్లనిస్త అన్నడు. ఇయ్యకపోతే ఇంకెన్ని పేర్లున్నయో అని భయమయ్యింది ఆయనకు.”

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. వంశావళులంటే నాకు గౌరవం తక్కువ. శాసనాలు చదివినవాడికి ఎవరికైనా తక్కువే. ప్రతి రాజూ ఒక కవికి అగ్రహారం ఇచ్చి సూర్యుడికి పుట్టాడు, కొంచెం తక్కువ ఇచ్చినవాడు చంద్రుడికి పుట్టాడు. ఈ మాట మామతో చాలాసార్లు అన్నాను. ఆయనకు కోపం రాదు. కండక్టరుకు కోపం వస్తే బస్సు నడవదు.

మామ తండ్రి, అంటే మా తాత, పేరు కూడా దావీదే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. అందుకని మామను దావీదు కుమారుడా అని పిలిచి నవ్వే అలవాటు చర్చిలో కుర్రవాళ్లకుండేది. మామ మాత్రం నవ్వకుండా పాఠం మొదలుపెట్టేవాడు. దావీదుకూ యేసుకూ మధ్య ఇరవై ఎనిమిది తరాలు. యేసును ఆ పిలుపు పిలిచినవాళ్లెవరూ ఆయన కన్నతండ్రి ఎవరని చెప్పడం లేదు.

“అది తండ్రి పేరు గాదు అల్లుడా, సీటు పేరు. బస్సుల ‘స్త్రీలకు’ అని రాసుంటది. ఏ స్త్రీకని రాసుంటదా? ఆ సీట్ల కూసునే హక్కు ఎవలకుందో చెప్తది, గంతే. దావీదు కుమారుడంటే దావీదు కుర్చీ మీద హక్కున్నోడు. దావీదు ఇల్లంటే కిరాయికిచ్చే ఇల్లు గాదు, వంశం. అర్థమైందా?”

అర్థమైంది గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే రెండో పాఠం మొదలవుతుంది. ఒప్పుకోకపోయినా మొదలైంది. సొంతూళ్లో కళ్లున్నవాళ్లంతా యేసును చూసి వీడు వడ్లవాడి కొడుకు కాదా అన్నారట. యెరికో దారిలో కూర్చున్న గుడ్డివాడొక్కడే దావీదు కుమారుడా అని కేక పెట్టాడట. కళ్లున్నోళ్లు పనిముట్లు చూసిన్రు, గుడ్డోడు సీటు చూసిండు అన్నాడు మామ. ఇలాంటి మాటలు అప్పుడప్పుడూ అనేస్తాడు. పీహెచ్‌డీ చేసినవాళ్లకు చాలా అసౌకర్యంగా ఉంటుంది.

ఇంత హడావుడిలోనూ ఒక్కచోట ఆయన గొంతు తగ్గేది. యెష్షయి దగ్గర. యెష్షయి దావీదు తండ్రి. రాబోయే రాజును యెషయా ప్రవక్త యెష్షయి మొద్దు నుంచి పుట్టే చిగురు అన్నాడు. దావీదు అంతటి రాజుండగా మొద్దుకు అతని పేరెందుకు పెట్టలేదని నేనే ఒకసారి అడిగాను, మామను ఇరికిద్దామని.

“రాజ్యం పాయె, కోట పాయె. చెట్టును మొదట్లకు కొట్టేసిన్రు. రాజుల పేర్లన్నీ కొమ్మలతోని పోయినయ్. అప్పుడు మొద్దుకు ఎవరి పేరుంటది? రాజు కాకముందటి మనిషి పేరు. యెష్షయి ఎవలు? గొర్లు కాసుకునే ఊరోడు. అన్నీ పోయినంక మిగిలేది గా గొర్లోని పేరే అల్లుడా.”

ఆ రోజు నేను పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పి లేచి వచ్చేశాను. పేపర్లేమీ లేవు.

అందుకే త్రినాథరావు గారి ప్రశ్న ఎక్కడ తగిలిందో నాకు తెలిసింది. మామ తాత పేరు యోహాను. ఊళ్లో మా మాదిగవాడలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాడు. ఆయనకు ముందు ఎవరున్నారో మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని నేను అనుకోలేదు కూడా. మామ మైకు ముందు నిలబడి ఉన్నాడు. మిగిలిన ఐదు తరాలనూ ఎక్స్‌ప్రెస్ బస్సులా ఎక్కడా ఆపకుండా దాటించి కూర్చున్నాడు. మా చర్చి చరిత్రలో ఆ రోజు మొదటిసారి బిర్యానీ వేడిగా తిన్నారు. అందరూ సంతోషించారు. మామ తినలేదు.

మర్నాడు త్రినాథరావు గారు అరడజను బత్తాయిలతో వచ్చారు. ఆయన ఇంటి హాల్లో తొమ్మిది తరాల వంశవృక్షం ఫ్రేము కట్టి ఉంటుంది, అది ఆయన సొంత జిరాక్సు సెంటర్లోనే పెద్దది చేసింది. ఆకలి మీద నోరు జారానండీ అన్నారు. మంచి ప్రశ్న అడిగినవ్ సార్ అన్నాడు మామ. బత్తాయిలు తనే ఒలిచి పెట్టాడు.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని నల్లగొండ దగ్గరి మా ఊరికి పోయాడు. చర్చిలో పాత బాప్తిస్మాల రిజిస్టరు ఉంది. చెదలు తినగా మిగిలిన పేజీల్లో యోహాను దొరికాడు. వయస్సు సుమారు ఇరవై. తండ్రి పేరు అన్న గడిలో ఎవరో పాదిరి గారు చక్కని చేతిరాతతో ‘హిందువు’ అని రాసిపెట్టారు. మామ ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

బయట అరుగు మీద లచ్చమ్మ అనే ముసలామె మమ్మల్ని ఆపి, ఎవరి పిల్లలని అడిగింది. సంగతి విని, ఇంత చదువుకున్నోళ్లకు గింత తెల్వదా అన్నట్టు చూసింది. మీ తాతల పేర్లు మీ కాడ ఎందుకుంటయ్, డక్కలోళ్ల కాడ ఉంటయ్ గని అంది.

ఇది పుస్తకాల్లో చదివాను, మా ఇంటికి వర్తిస్తుందని తోచలేదు. డక్కలివాళ్లు మా మాదిగల వంశాలు చెప్పేవాళ్లు. కొన్ని ఊళ్లు ఒక్కో కుటుంబానికి హక్కు. కిన్నెర పట్టుకుని వచ్చి ఇంటి ముందు కూర్చుని, ఆ ఇంటి మూలపురుషుడి నుంచి మొన్న పుట్టిన పిల్ల దాకా చెప్పి, తమకు రావలసింది తీసుకుని పోతారు. అడుక్కోవడం కాదు, వసూలు. దాన్ని త్యాగం అంటారు. మా యోహాను తాత బాప్తిస్మం తీసుకున్న ఏడాది డక్కలి ఇంటి ముందుకొస్తే, ఇక మా తాతలు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, నీ లెక్క మాకొద్దని పంపేశాడని లచ్చమ్మ తన అత్త నోట విన్నదట. అంటే మామ ఇన్నాళ్లూ అప్పజెబుతున్న నలభై రెండు తరాలూ ఆ రోజు మా తాత వాకిట్లో మారకం వేసుకున్నవన్నమాట.

అలా పంపేసిన డక్కలి మనవడు సాయిలు, డెబ్బై ఎనిమిదేళ్లవాడు, నగరంలో మేముండే చోటికి పది మైళ్ల దూరంలోనే, బాలాపూర్ అవతల రేకుల గదిలో కొడుకు దగ్గర ఉన్నాడని నెల తిరిగేసరికి మామ కనుక్కున్నాడు. కొడుకు ఆటో నడుపుతాడు. కిన్నెర పట్టలేదు, పేర్లు నేర్చుకోలేదు. సాయిలుతో పాటే పేర్లన్నీ పోతాయి.

ఇంకేం, మామకు ముత్తాత దొరికినట్టే అనుకున్నాను. శనివారం పొద్దున్నే పోయాడు, సాయంత్రం వచ్చాడు. పేరేమిటన్నాను. ఇయ్యాల గాలే అన్నాడు. నెల తర్వాత మళ్లీ పోయాడు. మళ్లీ కాలేదు. రెండేళ్లు ఇదే తంతు. అత్త విసిగిపోయింది. చాయ్ మానేసిండు, కొత్తపేట దాక నడిచి పోతుండు, పైసలన్నీ ఎవరి బొందల పెడుతుండో అని నాతో మొర పెట్టుకుంది. పాస్టరు గారు కూడా కొంచెం కలవరపడి, మన విశ్వాసంలో ఉండి పాత కథలవాళ్ల దగ్గరికి పోవడం బాగుంటుందా అన్నారు. మత్తయి కూడ ఎవల్నో అడిగే రాసుంటడు కద పాస్టర్ గారూ అన్నాడు మామ. పాస్టరు గారు ఇంకా ఆ మాట మీద ఆలోచిస్తున్నారు.

ఈలోగా ఆయన పారాయణం పెరిగింది. అదే మాకు కొత్త విపత్తు. జోస్నా అనే నర్సు పెళ్లిలో మామ యోసేపు దగ్గర ఆగలేదు. మంచినీళ్లు తాగి మళ్లీ లేచాడు. జోస్నా వాళ్లది మా పక్క ఊరు. మగపెళ్లివాళ్లు కాస్త ఉన్నవాళ్లు, పొద్దుటి నుంచీ మీది ఏ ఇల్లు, మీ పెద్దలెవరు అని దీర్ఘాలు తీస్తున్నారు. మామ అదే స్వరంలో, అదే ఊపులో, జోస్నా తండ్రి, తాత, ముత్తాత, ఆ పైన నలుగురి పేర్లు, ఎవరు ఏ చెరువు తూముకు కాపలా ఉన్నాడో, ఎవరు ఏ కరువులో ఎంతమందికి గంజి పోశాడో వరుసగా చెప్పాడు. మగపెళ్లివాళ్ల పెద్దాయన తాంబూలం నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. జోస్నా నాయనమ్మ ముసుగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. బిర్యానీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మామ కల్పిస్తున్నాడని నా అనుమానం. అంతమంది రాజులను కల్పించిన చరిత్ర చదివినవాణ్ణి, కాలవ కాపలావాళ్లను కల్పించడం ఎంత పని? తర్వాత ఇంకో పెళ్లిలో ఇంకో ఇల్లు. ఒక సమాధి కార్యక్రమంలో ఇంకో ఇల్లు. నేను లోపల్లోపల మార్కులు వేస్తూ కూర్చున్నాను.

మొన్న చలికాలంలో మామ మోకాలు పట్టేసింది. శనివారం నా స్కూటరు మీద బాలాపూర్ తీసుకుపొమ్మన్నాడు. రేకుల గది ముందు మంచంలో సాయిలు ఎండకు కూర్చుని ఉన్నాడు. ఎముకలూ, దగ్గూ, పెద్ద మీసాలూ. మామను చూసి చెయ్యి ఊపి అడిగాడు.

“ఇయ్యాల ఎవరి ఇల్లు గావాలె?”

నాకు అర్థం కాలేదు. సాయిలే విప్పి చెప్పాడు. ఇంటికి పదిహేను వందలు త్యాగం, పాత బాకీ మొత్తం కలుపుకుని. సార్ పదకొండు ఇండ్లకు ముట్టజెప్పిండు. తన ఇల్లు మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడిగేందుకే వస్తాడు, పైసలు తెస్తాడు, తీరా కూసున్నంక ఫలానా పిల్ల పెండ్లి గురువారముంది, ఫలానా ముసలోడు దవాఖానల ఉన్నడు, ముందుగాల వాళ్లది చెప్పు అంటడు. ఆర్టీసీ పింఛను ఎంతో తెలిసినవాళ్లకు పదిహేను వందలు కూడటానికి ఎన్ని చాయ్‌లు మానాలో కూడా తెలుస్తుంది.

మామ తలొంచుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు. ఎందుకిట్ల అని అడిగాను. వాళ్లకు తారీఖులున్నయ్, నాకేం తొందర అన్నాడు.

నేను పర్సు తీశాను. సాయిలు అరచెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఆడబిడ్డ కొడుకును, వేరే ఇల్లు. నా సొమ్ము ఆ ఇంటికి చెల్లదు. ఆ ఇంటివాడే ఇవ్వాలి. నేను కొంచెం గట్టిగానే, పదిహేను వందల దగ్గర ఇంత పట్టుదలా అన్నాను.

“గీ ఊర్ల గణపతి లడ్డుకు లచ్చలు పాడుతరు సార్. ముత్తాతకు పదిహేను వందలు ఎక్కువైనయా?”

ఆ తర్వాత వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయి వృత్తి మాటల్లో పడ్డారు. మీ రాజులెంతమంది అని సాయిలు అడిగాడు. నలభై రెండు తరాలు, కానీ నడుమ ముగ్గురు రాజులను మత్తయి వదిలేశాడు, ఎందుకో తెలియదు అన్నాడు మామ. త్యాగం ముట్టి ఉండదు అన్నాడు సాయిలు. మామ అంతలా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు. బైబిలు పండితులు ఈ ముగ్గురి గురించి చాలా రాశారు. ఇంత సూటిగా ఎవరూ రాయలేదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక సాయిలుకు జ్వరం తగిలి దవాఖానలో పెట్టారు, వారానికి ఇంటికి పంపేశారు. ఆ శనివారం మామ ఏ ఇంటి మాటా ఎత్తకుండా స్కూటరెక్కాడు. జేబులో పదిహేను వంద నోట్లు, పెండ్లిండ్లు లేవు, మూఢం. ఇవాళ తేలిపోతుందని నాకు తెలిసింది. దారి పొడుగునా ఆయన ఒక్క రాజు పేరు కూడా ఎత్తలేదు.

సాయిలు మంచంలోంచి లేవలేదు. మాట సన్నగా ఉంది. కొడుకు మమ్మల్ని పక్కకు పిలిచి, తిండి పోతలేదు, జర జల్దీ కానియ్యండి అన్నాడు. మామ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పోతావేందే సాయిలూ అని అడిగాడు, బస్సు ఎప్పుడు కదులుతుందని అడిగినట్టు.

“యాడికి పోత? బాకీ వసూలు గానిదే డక్కలోడు పోడు. మా తాత గట్లనే చెప్పిండు, గట్లనే ఉన్నడు. ఆఖరి ఇల్లు నీదే మిగిలింది. ఇచ్చెయ్, చెప్త.”

మామ నోట్లు తీసి ఒక్కొక్కటే సాయిలు అరచేతిలో పెట్టాడు. కండక్టరు వేళ్లు, తడి లేకుండానే నోటు నోటుకూ విడదీస్తాయి. పద్నాలుగు దాకా వచ్చాయి. పదిహేనోది చేతిలో ఉంది. దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఒకటి తక్కువైంది. మల్ల ఒస్త.”

సాయిలు మామ జేబు వంక చూశాడు, మొహం వంక చూశాడు. మీసాల కింద ఏదో కదిలింది.

“వంద ఇడ్సిపెడ్త. పేరు ఇను.”

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ పేరు వినాలని నాకున్నంత ఆశ పీహెచ్‌డీ మీద కూడా లేదు. మామ లేచి నిలబడ్డాడు.

“వద్దు,” అన్నాడు. “లెక్క లెక్కే. నువ్వు గంజి తాగు.”

సాయిలు గంజి తాగాడు. తిట్టుకుంటూ తాగాడు, కానీ తాగాడు.

అది జనవరి. ఇప్పుడు జూలై నడుస్తోంది. సాయిలు కర్ర పట్టుకుని బాలాపూర్ చౌరస్తా దాకా నడుస్తున్నాడు. శనివారం శనివారం మామ పోతాడు, ఇద్దరూ రేకుల నీడన కూర్చుని రాజుల మీద చాడీలు చెప్పుకుంటారు, చాయ్ తాగుతారు. సాయిలుకు మామ ఇంకా వంద రూపాయలు బాకీ.